ఎర్త్ కడ్డీకి నీళ్లు

దేవ్యా కూర్చోడు. కూర్చోమంటే కూర్చున్నట్టే కనిపిస్తాడు గానీ మోకాలు ఊగుతూనే ఉంటుంది, వేళ్లు చొక్కా జేబులోని టెస్టర్‌ను తిప్పుతూనే ఉంటాయి. మనం అటు తిరిగి ఇటు తిరిగేసరికి మనిషి ఉండడు. నేను టీచర్ని. మూడో తరగతిలో ఇలాంటి పిల్లవాడు దొరికితే కాళ్లు బల్లకు కట్టేస్తానని బెదిరించేదాన్ని. నలభైకి దగ్గర పడిన మనిషిని ఏమని బెదిరిస్తాం?

అలాంటి మనిషి పరీక్షకు చదువుతానని పట్టుబట్టాడు. వైర్‌మన్ పర్మిట్ పరీక్ష. అది పాసైతేనే ఇళ్లకూ మిల్లులకూ వైరింగ్ చేయడానికి సర్కారు అనుమతి ఇస్తుంది. చదివించే భారం నా నెత్తిన పడింది.

మాది లింగాల ఘనపూర్. ఇంట్లో అందరూ రాజకీయం మాట్లాడేవాళ్లే, నాకు నోరు అక్కడే వచ్చింది. ఉద్యోగం మాత్రం కొత్తగూడ దాటాక, అడవి మొదలయ్యేచోట, రాళ్లవాగు తండాలో వచ్చింది. 2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక బడికి తాళం వేసి, రోజూ అడ్డరోడ్డు దగ్గర టెంటులో కూర్చునేవాళ్లం. టీచర్లం, రెవెన్యూ వాళ్లు, కరెంటు ఆఫీసు వాళ్లు, అందరం ఒకే జంపఖానా మీద. పొద్దున నినాదాలు, ఆ తర్వాత పాటలు, ఆ తర్వాత వంటావార్పు. మధ్యలో బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలోకి దేవ్యా పుస్తకం పట్టుకుని వచ్చాడు.

"సునంద మేడం, మీకెట్లాగూ పనిలేదు. జర గిది చదివి చెప్పుండ్రి."

పనిలేదన్న మాటకు నాకు ఒళ్లు మండింది. ఉద్యమంలో కూర్చోవడం పని కాదా అన్నాను. ఆయన వినలేదు. అప్పటికే పుస్తకం నా ఒళ్లో పడేసి టెంటు గుంజ దగ్గర అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

అది మానుకోట రైల్వేస్టేషన్ బయట కొన్న పాత గైడు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో. దేవ్యాకు చదవడం వచ్చు గానీ, ఒక పేజీ అయ్యేదాకా ఒకచోట ఉండటం రాదు. ఇంకొకరు చదివితే తిరుగుతూ వింటాడు. విన్నది మాత్రం మరిచిపోడు. నేను చదువుతుంటే ఆయన గుంజ చుట్టూ తిరిగేవాడు. చూసేవాళ్లకు మేమేదో పూజ చేస్తున్నట్టుండేది. లైన్‌మన్ బిక్షపతి, ఆయన కూడా సమ్మెలోనే ఉన్నాడు, "దేవ్యా, ఇంక రెండు చుట్లు కొడితె పర్మిట్ ప్రత్యక్షమైతది" అని ఆటపట్టించేవాడు.

పనేమో ఆయనకు ఏళ్ల నాటిది. పదహారేళ్లప్పుడు జనగామ వెళ్లి సోమనర్సయ్య అనే మేస్త్రీ దగ్గర మోటార్లకు తీగ చుట్టడం నేర్చుకున్నాడు. తండాకు తిరిగొచ్చాక స్టార్టర్లు, బోరు మోటార్లు, పెళ్లిళ్లకు సీరియల్ బల్బులు, ఏది చెడినా ఆయనే. అందరూ కరెంటు దేవ్యా అనేవారు. ఆ పేరు పక్కా అయింది మాత్రం న్యూట్రల్ తీగ తెగిన ఏడు.

తండాకు స్తంభాల మీద రెండు తీగలు వచ్చేవి. ఒకదాంట్లో కరెంటు వస్తుంది, రెండోదాంట్లో తిరిగి పోతుంది. ఆ రెండోదాన్నే న్యూట్రల్ అంటారు. ఒక వైశాఖంలో గాలిదుమారానికి అది తెగి పడింది. పడినదాన్ని ఎవరో చుట్టుకుని ఎత్తుకుపోయారు. కొత్త తీగ రేపొస్తుంది, మాపొస్తుంది అంటూ వానలు కూడా వచ్చేశాయి. అప్పుడు దేవ్యా ప్రతి ఇంటి ముందూ ఒక ఇనుప కడ్డీ భూమిలోకి దిగ్గొట్టి, ఇంట్లోంచి వచ్చే రెండో తీగను దానికి చుట్టాడు. కరెంటు భూమిలోంచే తిరిగి పోయింది. బల్బులు వెలిగాయి. తండా పెద్ద సక్రు నాయక్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టాడు. అక్కడ కూడా మధ్యలోనే లేచి పోయి ఉంటాడని నా అనుమానం.

ఎండలకు నేల ఆరితే బల్బు ఎర్రగా, నీరసంగా వెలిగేది. దానికీ మందు దేవ్యానే చెప్పాడు. కడ్డీ మొదట్లో నీళ్లు పోయాలి. అప్పటి నుంచి పొద్దుగూకే వేళ తండాలో ఆడవాళ్లు వాకిలి ఊడ్చి, స్విచ్చు వేసి, బల్బు తెల్లబడేదాకా కడ్డీకి బిందెడు నీళ్లు పోసేవాళ్లు. కొత్త కోడలికి అత్త చూపించే పనుల్లో అదొకటైపోయింది.

ఇన్నేళ్లకు పర్మిట్ ఎందుకంటే, భూపాలపల్లి దగ్గర కరెంటు ప్లాంటులో పని నడుస్తోంది. అక్కడి కాంట్రాక్టర్లు పర్మిట్ ఉన్నవాళ్లనే వైరింగ్‌కు తీసుకుంటారు. లేనివాళ్లకు మట్టి మోసే పని. దేవ్యా ఒకసారి వెళ్లి మట్టి మోసి వచ్చాడు. తన కళ్ల ముందే పాతికేళ్ల కుర్రాడు తీగ తప్పు కలుపుతుంటే చెప్పబోయాడట. "తట్ట ఎత్తు" అన్నారట. ఆ మాట ఆయన లోపల ముల్లులా ఉండిపోయింది.

సమ్మెకు ముందు ఎండాకాలంలోనే ఒకసారి వరంగల్ వెళ్లి పరీక్ష రాశాడు. రాతపరీక్ష గట్టెక్కింది. నోటిపరీక్షలో దెబ్బతిన్నాడు. ఆ కథ టెంటులో అందరికీ కంఠతా వచ్చేసింది.

"బల్బు మసకగ వెలుగుతున్నది, ఏం చేస్తవని అడిగిండు. ఎర్త్ కడ్డీకి బిందెడు నీళ్లు పోస్తం సార్ అన్న. గంతే. పక్కకు తిరిగి నవ్విండు. ఇంకో సారుకు చెప్పి మళ్ల నవ్విండు. ఇంక చాలు, పో అన్నడు."

"ఏ ఊరాయన?" అని ఎవరో అడిగారు.

"మాట చూస్తె కోస్తా దిక్కాయన లెక్కనే ఉన్నడు."

ఇంకేముంది. మన మాట వినగానే నవ్వుతారు, సినిమాల్లో నవ్వారు, ఆఫీసుల్లో నవ్వారు, ఇప్పుడు పరీక్షల్లోనూ నవ్వుతున్నారని టెంటు మొత్తం భగ్గుమంది. మర్నాటి నుంచి మైకులో మాట్లాడే ప్రతివాడూ దేవ్యా కథ ఎత్తుకునేవాడు. నేను కూడా ఒకసారి ఎత్తుకున్నాను. ఆ నవ్వులు మేం పడ్డవాళ్లమే, కోపం ఊరికే రాలేదు. దేవ్యా ఆ మాటలు వింటూ గుంజ చుట్టూ ఇంకా వేగంగా తిరిగేవాడు.

ఎర్తింగ్ పాఠం దాకా వచ్చేసరికి బతుకమ్మ రోజులు దగ్గరపడ్డాయి. నేను మామూలుగానే చదువుతున్నాను. ఎర్తింగ్ ఉన్నది కరెంటు నడవడానికి కాదు, ఏదైనా లోపం వచ్చినప్పుడు మనిషిని కాపాడటానికి అని ఉంది. చదివాను. దాని కింద, భూమిని న్యూట్రల్‌కు బదులు వాడకూడదు, అలా వాడితే కడ్డీలోనూ దాని చుట్టూ తడిసిన నేలలోనూ కరెంటు ఉంటుంది, తాకినవాళ్ల ప్రాణాలకు ముప్పు అని ఉంది. అదీ చదివాను.

"మళ్ల చదువుండ్రి."

మళ్లీ చదివాను. తల ఎత్తి చూస్తే దేవ్యా కూర్చుని ఉన్నాడు. మోకాలు ఊగడం లేదు. నాకు భయం వేసింది.

"అంటే గా సారు నా భాషకు నవ్వలె" అన్నాడు. "నేను చెప్పిన జవాబుకు నవ్విండు."

తప్పు చెబితే సరిదిద్దాలి గానీ నవ్వడమేంటని ఇప్పటికీ నా వాదన. కానీ ఆ నిమిషంలో ఆయనకు ఆ వాదనతో పనిలేదు. లేచి తండా దారి పట్టాడు. నేను పుస్తకం పట్టుకుని వెనకాలే నడిచాను. ఆయన వేగానికి నాకు ఆయాసం వచ్చింది.

మేం వెళ్లేసరికి ఆయన భార్య రాజీ వాకిట్లో ఉంది. వాకిలి ఊడ్చింది, స్విచ్చు వేసింది, స్టీలు బిందె నడుముకు ఆనించుకుంది, వట్టి కాళ్లతో కడ్డీ దగ్గరికి వచ్చింది. ఒక రాయి మీద నిలబడి, చేయి చాచి, దూరం నుంచి ధారగా పోసింది. పోసి చటుక్కున వెనక్కి గెంతింది. నన్ను చూసి నవ్వింది.

"ఏంది రాజీ, గట్ల ఎగురుతున్నవ్?" అన్నాను.

"నీళ్లు కాళ్లకు తాకితె జిల్లుమంటది మేడం. రోజూ ఉండేదే. అలవాటైంది."

దేవ్యా ఆమె చేతిలో బిందె లాక్కున్నాడు. వాళ్ల భాషలో ఏదో అరిచాడు. ఆమె కూడా అరిచింది. ఆయన లోపలికి పోయి ఫ్యూజు పీకి, బయటికొచ్చి కడ్డీకి చుట్టిన తీగ విప్పి, కడ్డీని ఊపి ఊపి పెరికాడు. కిందంతా తుప్పు పట్టి ఉంది. ఆ సాయంత్రం తండాలో ఒక్క ఆ ఇంట్లోనే చీకటి.

ఒక్క ఇంటితో ఆగే మనిషైతే ఆయన దేవ్యా ఎందుకవుతాడు. మర్నాడు సక్రు నాయక్ దగ్గరికి పోయి కడ్డీలన్నీ పెరకాలన్నాడు. ముసలాయన చుట్ట ఆర్పాడట.

"పెట్టింది నువ్వే గదరా. ఇన్నేండ్లు మంచిగున్నది ఇయ్యాల ఖరాబెట్లైంది?"

"అప్పుడు ఎరుక లేదు కాకా. ఇప్పుడు ఎరుకైంది."

"పండుగ ముందల తండాను చీకటి చేస్తవా? నువ్వు కడ్డీ ముట్టు, నేను కరెంటు ఆఫీసుకు పోత. పర్మిట్ లేకుంట తండా మొత్తానికి తీగలు కలిపిండని చెప్త. నీ పరీక్ష సంగతి గప్పుడు చూసుకో."

ఆ బెదిరింపు ఉత్తది కాదు. పర్మిట్ లేకుండా లైన్ ముట్టుకున్నాడని పై ఆఫీసుకు ఒక్క మాట పోతే, మళ్లీ పరీక్షకు రానివ్వరేమోనని దేవ్యా భయం. పరీక్ష చలికాలంలో ఉంది. ముందు బిక్షపతిని అడిగాడు. "తీగ రావాలె, సమ్మె అయిపోవాలె. అప్పటిదాంక నేను స్తంభం ఎక్కేది లేదు" అన్నాడు బిక్షపతి. ఆ తర్వాత నన్ను అడిగాడు. పరీక్ష అయ్యేదాకా ఊరుకో, పర్మిట్ చేతికొచ్చాక పెరుకు, అన్నాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. ఇంట్లో భార్య ఉన్న మనిషికి, బతుకుతెరువు వెతుక్కునే మనిషికి ఇంకేం చెబుతాం.

"మీరే చదివి చెప్తిరి మేడం. మళ్ల మీరే ఊకోమంటున్నరు" అన్నాడు. కోపంగా కాదు. నాకు అర్థం కాలేదేమోనని చూశాడు.

ఆ వారం ఆయన్ని చూడటం కష్టంగా ఉండేది. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచేవాడని రాజీ చెప్పింది. పొద్దుగూకే వేళకు తండా అంతా తిరిగేవాడు. ఒక్కో వాకిట్లో నిలబడి నీళ్లు పోసే ఆడవాళ్ల కాళ్ల వంక చూసేవాడు. చెప్పులేసుకోమనేవాడు, ప్లాస్టిక్ బకెట్‌తో పోయమనేవాడు, పోయొద్దనేవాడు. వాళ్లు విసుక్కునేవాళ్లు. సమ్మెలో బొగ్గు రాక కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. కరెంటు లేనప్పుడు కూడా నీళ్లు పోసి పెట్టుకునేవాళ్లు, రాగానే బల్బు తెల్లగా వెలగాలని.

చివరికి ఆగలేకపోయాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది చూసుకుని, అయినా నమ్మకం లేక, ఇంటింటికీ పోయి ముందు ఫ్యూజు పీకి, తర్వాత కడ్డీ పెరికాడు. మగవాళ్లు సగం మంది పత్తి చేలల్లో ఉన్నారు. అడ్డుకోబోయిన ఆడవాళ్లకు రాజీ అడ్డం నిలబడింది. ఇల్లు చీకటి చేశాడని అంతకుముందు దాకా మొగుడితో మాట్లాడని మనిషి. "కాళ్లకు జిల్లుమంటదా లేదా, ఒట్టేసి చెప్పుండ్రి" అని ఒక్కొక్కరినీ నిలదీసింది. ఎవరూ లేదనలేకపోయారు. సాయంత్రానికి కడ్డీలన్నీ దేవ్యా వాకిట్లో కుప్పగా పడి ఉన్నాయి, తండా చీకట్లో ఉంది.

పొద్దున్నే సక్రు నాయక్ కరెంటు ఆఫీసుకు బయల్దేరాడు. ఆఫీసుకు తాళం. సమ్మె కదా. అంత దూరం నడిచొచ్చినవాడు వెనక్కి పోతాడా, నేరుగా టెంటుకు వచ్చాడు. కరెంటు ఆఫీసు ఇంజనీరు, బిక్షపతి, అందరూ అక్కడే కూర్చుని ఉన్నారు. పాట పాడుతున్న పిల్లవాడి చేతిలో మైకు తీసుకున్నాడు. జై తెలంగాణ అన్నాడు. అందరం జై అన్నాం. ఆ తర్వాత, మా తండాను చీకటి చేసిండు కరెంటు దేవ్యా, అన్నాడు. పర్మిట్ లేకుండా కడ్డీలు పెట్టిండు, పర్మిట్ లేకుండా పీకిండు, వీణ్ని ఏం చేస్తరో చెయ్యుండ్రి, అన్నాడు. ఆ మాటలు హారన్‌లోంచి అడ్డరోడ్డు అంతా వినబడ్డాయి.

దేవ్యా గుంజ దగ్గరే ఉన్నాడు. దేనికైతే భయపడ్డాడో అది మైకులో అయిపోయింది. అందరం ఆయన వంకే చూశాం. పారిపోతాడనుకున్నాను, నిజం చెప్పాలంటే. ఆయన ముందుకు వచ్చి మైకు అడిగి తీసుకున్నాడు. చేతిలో దాన్ని టెస్టర్‌లాగే తిప్పుతూ మాట్లాడాడు.

"కాకా చెప్పింది నిజమే. కడ్డీలు పెట్టింది నేనే. ఎరుక లేక పెట్టిన. నా ఇంటామె రోజూ దాంట్ల నీళ్లు పోసి ఎగురుతుంటె నేను నవ్వుకుంట చూసిన. ఇంకో మాట. వరంగల్‌ల గా సారు నా మాటకు నవ్వలె. నేను తప్పు చెప్పిన, దానికి నవ్విండు. మీరు నా పేరు మీద ఆయనను తిట్టొద్దు. మనకు రాష్ట్రం రావాలె, వస్తది. కాని నా తప్పు నాదే. ఇంజనీరు సార్, పర్మిట్ ఇయ్యకుంటె ఇయ్యకుండ్రి. తండాకు న్యూట్రల్ తీగ గుంజిపియ్యుండ్రి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసలో ఒకాయన, ఆ సారు మాట ఇప్పుడెందుకు అని గొణిగాడు. ఇంజనీరు నేల చూస్తూ కూర్చున్నాడు. సమ్మె అయ్యాక చూద్దాం అన్నాడు. దేని గురించి చూస్తాడో, తీగ గురించా, ఫిర్యాదు గురించా, చెప్పలేదు. దేవ్యా మైకు ఇచ్చేసి వెళ్లిపోయాడు.

మర్నాడు రాజీ తండా ఆడవాళ్లందరినీ వెంటేసుకుని టెంటుకు వచ్చింది. ఇంజనీరుకు ఎదురుగా జంపఖానా మీద కూర్చున్నారు. సమ్మె అయ్యేదాకా రోజూ వస్తాం, అయిన మర్నాడు తీగ కావాలి, అన్నారు. అప్పటికి టెంటు పలచబడుతోంది. ఇంతమంది ఆడవాళ్లు వచ్చేసరికి నాయకులకు ఉత్సాహం పుట్టింది. ఇంజనీరుకు మాత్రం కదలకుండా కూర్చోవడం కష్టమైంది. నాయక్ రెండ్రోజులు అలిగి, మూడోనాడు తానూ వచ్చి వాళ్ల వెనకాల కూర్చున్నాడు.

ఆ దీపావళికి తండాలో బల్బుల్లేవు. పెళ్లి కాని పిల్లలు నూనెదీపాలు పట్టుకుని ఇంటింటికీ మేర అడగడానికి, అంటే దీవెన పాట పాడి కానుక అడగడానికి, వెళ్లారు. చీకట్లో ఆ దీపాలు ఒక్కొక్క గుమ్మం దగ్గర ఆగి కదులుతుంటే, చిన్నప్పుడు గిట్లనే ఉండేదని నాయక్ అన్నాడు. దేవ్యా మాత్రం స్తంభాల వంకే చూస్తూ తిరిగాడు. సమ్మె ముగిసింది, పండుగ వెళ్లిన కొద్ది రోజులకు బిక్షపతి తీగచుట్టతో వచ్చాడు. తీగ గుంజేదాకా దేవ్యాను స్తంభానికి ఆమడ దూరంలో ఉండమన్నాడు. పర్మిట్ లేనివాడివి, ముట్టుకోకు అన్నాడు. దేవ్యా ముట్టుకోలేదు, కానీ కింద నుంచి చెబుతూనే ఉన్నాడు. చివరికి బిక్షపతి చెవిలో దూది పెట్టుకుంటానన్నాడు.

బల్బులు తెల్లగా వెలిగాయి. ఆ తర్వాత దేవ్యా పుస్తకంలో ఉన్నట్టే తన వాకిట్లో గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, గొట్టం నిలబెట్టి, పైన గరాటు పెట్టి అసలైన ఎర్తింగ్ కట్టాడు. మామూలుగా దాంట్లో కరెంటు ఉండదు, ఇంట్లో ఏదైనా లోపం వస్తేనే దాని గుండా భూమిలోకి పోతుంది. నేల ఆరకుండా దానికీ అప్పుడప్పుడూ నీళ్లు పోయాలి. రాజీ ఆ మాట విని, ఇంతోటి దానికి ఇన్నాళ్లు ఆగం చేస్తివా అని తిట్టింది. కానీ గరాటులో నీళ్లు పోస్తూ ఈసారి దగ్గరగా నిలబడింది. వట్టి కాళ్లతోనే. అలవాటుగా వెనక్కి ఎగరబోయి, ఆగింది. కాసేపు ఆ తడి మట్టిలోనే కాళ్లు ఉంచింది. నేను చూశాను.

ఫిర్యాదు ఏమైందో మాకు తెలియదు. ఇంజనీరు దాన్ని పైకి పంపలేదని బిక్షపతి అంటాడు. చలికాలంలో దేవ్యా మళ్లీ వరంగల్ వెళ్లాడు. వచ్చాక అడిగితే ఏమీ చెప్పలేదు, ఏదో పని ఉందని వెళ్లిపోయాడు. పర్మిట్ చేతికి వచ్చి, భూపాలపల్లి బయల్దేరే రోజున బస్సు కోసం అడ్డరోడ్డు దగ్గర నిలబడ్డప్పుడు చెప్పాడు. టెంటు పీకేసిన చోట గుంజ గుంత ఇంకా అలాగే ఉంది. దాని పక్కనే తిరుగుతూ చెప్పాడు.

మళ్లీ ఆ సారే ఉన్నాడట. గుర్తుపట్టాడట.

"ఎర్త్‌కు నీళ్లు పోసేది నువ్వే కదయ్యా. ఇప్పుడు కూడా పోస్తున్నారా మీ ఊళ్లో?"

"పోస్తున్నం సార్."

"బల్బు కోసమేనా?"

"కాదు సార్. పోసే మనిషి కోసం."

ఈసారి ఆయన నవ్వలేదట.